ఇనుప రజను, సూదంటురాయి, మన పొలం



యీ పూట చెప్పబోయే సంగతి విత్తనాలది కాదు, పురుగు మందులదీ కాదు. సూదంటురాయిది. "వ్యవసాయ శాఖ మనిషికి సూదంటురాయితో ఏం పని?" అని మీరనుకోవచ్చు. పని వున్నది. తాడేపల్లిగూడెం మెట్ట గ్రామాలకు వెళ్ళినా, కొల్లేరు వైపు చెరువుల దగ్గరికి వెళ్ళినా రైతులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "నానో, నానో అంటున్నారు, అదేమిటండీ?" అనేది మొదటిది. "బోరు గొట్టానికి అయస్కాంతం బిగిస్తే నీళ్ళలో యినుము పోతుందట, పంట కూడా పెరుగుతుందట, నిజమేనా?" అనేది రెండోది. వేలు పోసి కొనే ముందు అడిగారు కనుక సంతోషమే. యీ రెండు ప్రశ్నలకూ జవాబు వొక్క చోటే వున్నది. అది మన కాళ్ళ కింది మట్టిలోనే వున్నది. కాస్త ఓపికగా వింటే మీకే తెలుస్తుంది.

మొదట వొక చిన్న పరీక్ష

పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం వొకటి తీసుకోండి. దాన్ని కాగితంలో చుట్టండి. గోదావరి యిసుకలో నాలుగు సార్లు అటూ యిటూ లాగి పైకెత్తి చూడండి. నల్లని నలుసులు మీసాల్లాగా నిలబడి కనిపిస్తాయి. వాటినే మాగ్నటైటు అంటారు. యిది యినుమూ, ప్రాణవాయువూ కలిసి ఏర్పడిన నల్లని ఖనిజం. గోదావరి ఎగువన దక్కను పీఠభూమిలోని నల్లరాళ్ళు అరిగి అరిగి, ఆ పొడి నీళ్ళతోపాటు మన దాకా వచ్చింది.

యిప్పుడు అదే అయస్కాంతాన్ని వెంకటరామన్నగూడెం వైపు మెట్ట ఎర్రమట్టి పొడి మీద లాగండి. వొకటి రెండు నలుసులు అంటుకుంటే అంటుకోవచ్చు గానీ ఆ ఎర్రటి పొడి మాత్రం లేచి రాదు. ఆ మట్టికి ఎర్రదనం వచ్చిందే యినుము వల్ల. మరి యినుము వున్నప్పుడు సూదంటురాయికి ఎందుకు అంటదు?

తుప్పులు అన్నీ వొకటి కావు

యినుము ప్రాణవాయువుతో కలిస్తే అయ్యేది తుప్పు. శాస్త్రజ్ఞులు దాన్ని ఆక్సైడు అంటారు. తుప్పుల్లో చాలా రకాలున్నాయి. ఎర్రమట్టికి ఎరుపు నిచ్చేది హెమటైటు. పసుపు రంగు నిచ్చేది గోతైటు. నల్లనిది మాగ్నటైటు. గోధుమ రంగుదే అయినా అయస్కాంతానికి గట్టిగా అంటేది మాగ్హెమైటు.

తేడా ఎక్కడుందంటే, యినుములోని ప్రతి అణువూ వొక చిన్న సూదంటురాయే. తాడులాట ఆట మీరు చూసే వుంటారు. రెండు వైపులా సమానంగా మనుషులుంటే తాడు ఎటూ కదలదు. అందరూ బలంగానే లాగుతున్నారు, కాని బయటికి బలం కనిపించదు. హెమటైటు, గోతైటుల్లో జరిగేది యిదే. సగం అణువులు వొక దిక్కుకు, సగం ఎదురు దిక్కుకు తిరిగి వుండి వొకదాని బలాన్ని వొకటి తినేస్తాయి. మాగ్నటైటులో అలా కాదు. వొక వైపు మనుషులు ఎక్కువ, రెండో వైపు తక్కువ. ఆ మిగిలిన బలమే మన చేతిలోని అయస్కాంతానికి తెలుస్తుంది.

రాగి, జింకు, అల్యూమినియం వంటి లోహాల్లో యీ ఆటే లేదు. జింకు ఆక్సైడును ఎంత మెత్తగా నూరినా మామూలుగా అది అయస్కాంతానికి అంటదు. యీ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

బాతుల మందలూ, తాటి దోనెలూ

మరి యినుప మేకులో అణువులన్నీ వొకే దిక్కుకు తిరిగే గుణం కలవైతే, మామూలు మేకు యింకొక మేకును ఎందుకు లాగదు? యీ ప్రశ్నకు 1907లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ వైస్ జవాబు చెప్పాడు. కొల్లేటి వైపు పొలాల్లో బాతుల మందలు మేయడం చూశారు గదా. వొక్కొక్క మందలోని బాతులన్నీ వొకే వైపు నడుస్తాయి. కాని పొలంలో పది మందలుంటే వొకటి తూర్పుకు, వొకటి పడమరకు పోతుంటుంది. మొత్తం మీద చూస్తే బాతులు ఏ దిక్కుకూ పోతున్నట్టు వుండదు. మేకులోని అణువులు కూడా యిలాగే మందలు మందలుగా వుంటాయి. అయస్కాంతం దగ్గరికి వస్తే కాపరి కర్ర పట్టి అదలించినట్టు మందలన్నీ వొక దిక్కుకు మళ్ళుతాయి. అందుకే మేకు లేచి అంటుకుంటుంది.

యిప్పుడు ఆ యినుమునో, మాగ్నటైటునో నూరి నూరి చాలా చిన్న నలుసులు చేశామనుకోండి. ఎంత చిన్నవి? యిక్కడే నానో అనే మాట వస్తుంది. నానో అనేది మందు పేరు కాదు, ఎరువు పేరు కాదు. అదొక కొలత. వొక మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో వొక భాగం నానోమీటరు. 6 మిల్లీమీటర్ల పొడవుండే బియ్యపు గింజ 60 లక్షల నానోమీటర్ల పొడవన్నమాట. 100 నానోమీటర్లకు లోపు వున్న నలుసులను నానో కణాలు అంటారు.

నలుసు అంత చిన్నదయ్యేసరికి అందులో రెండు మందలకు చోటుండదు. వొక్క మందే మిగులుతుంది. అంటే నలుసు మొత్తం వొకే సూదంటురాయి అయిపోతుంది. చిన్నదైన కొద్దీ బలం పెరిగిందే అని మనం సంతోషిస్తాము. కాని యింకా చిన్నది చేస్తే కథ తిరగబడుతుంది.

కొల్లేటిలో పెద్ద పడవను చూడండి. చిన్న అలలు తగిలితే అది దిక్కు మారదు. తాటి దోనె అలా కాదు. ప్రతి అలకూ అటూ యిటూ తిరిగిపోతుంది. నానో కణానికి అలలు ఏమిటంటే వేడి. మనకు చల్లగా వున్నట్టు తోచినా ప్రతి వస్తువులోనూ వేడి వల్ల అణువులు కదులుతూనే వుంటాయి. మాగ్నటైటు కణం సుమారు 25, 30 నానోమీటర్ల కంటే చిన్నదైతే, యీ వేడి తాకిడికి దాని అయస్కాంతపు దిక్కు క్షణక్షణం తిరిగిపోతుంది. అలాంటి కణాల కుప్పకు తనంతట తాను అయస్కాంత బలం వున్నట్టు కనిపించదు. కాని బలమైన గాలి వీచినట్టు అయస్కాంతం దగ్గరికి తెస్తే దోనెలన్నీ వొకే దిక్కుకు తిరుగుతాయి, కణాలన్నీ లాగబడతాయి. గాలి ఆగిపోతే, అంటే అయస్కాంతం తీసేస్తే, మళ్ళీ ఎవరి దారి వారిది. మేకును అయస్కాంతానికి రుద్దితే కొంత గుణం మిగిలిపోతుంది గదా, వీటిలో అది మిగలదు. పిలిస్తే వచ్చి, వదిలితే పోయే యీ గుణమే నానో అయస్కాంతాల ప్రత్యేకత.

యీ లెక్కను 1949లో కట్టినవాడు లూయీ నీల్ అనే మరొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. ఆయన 1970లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. ఆయన ఆ లెక్క వేసింది ఏ వస్తువును మనసులో పెట్టుకునో తెలుసా? కాల్చిన మట్టిని. మన యిటుకల బట్టీలో మట్టి ఎర్రగా కాలి చల్లారేటప్పుడు, అందులోని తగినంత పెద్ద నలుసులు ఆనాటి భూమి అయస్కాంతపు దిక్కును పట్టుకొని బిగిసిపోతాయి. పాతకాలపు యిటుకలూ కుండలూ పరీక్షించి, అవి కాలిన నాడు భూమి అయస్కాంతం ఎలా వుండేదో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నది యిందువల్లనే.

మన నేలలో యీ కణాలు ఏం చేస్తున్నాయి?

1955లో ల బోర్న్ అనే శాస్త్రజ్ఞుడు వొక చిత్రం చూపించాడు. చాలా చోట్ల పైమట్టికి లోపలి మట్టి కంటే అయస్కాంత గుణం ఎక్కువ. నేల తడిసి, ఆరి, మళ్ళీ తడిసి, సూక్ష్మజీవుల పని వల్ల పైపొరలో అతి చిన్న మాగ్నటైటు, మాగ్హెమైటు కణాలు పుడతాయి. చెత్తా చెదారం తగలబెట్టిన చోట కూడా యీ గుణం పెరుగుతుంది. యీ కణాలు బంకమట్టికి అతుక్కుని వుంటాయి కనుక మన స్పీకరు అయస్కాంతానికి లేచి రావు. వీటిని కొలవడానికి వేరే పరికరం వుండాలి.

వరిచేలో యిందుకు ఎదురు జరుగుతుంది. దమ్ము చేసి నీరు నిలగట్టిన తరువాత కొన్నాళ్ళకే నేలలోని ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు అక్కడి సూక్ష్మజీవులు తుప్పులోని ప్రాణవాయువును వాడుకుంటాయి. తుప్పు కరిగి నీళ్ళలో కలుస్తుంది. మట్టి బూడిదరంగుకు తిరుగుతుంది. చిన్న కణాలు ముందుగా కరుగుతాయి. అందుకే ఏళ్ళ తరబడి వరి పండిన నేలల్లో అయస్కాంత గుణం మెట్ట నేలల కంటే తక్కువగా వుంటుందని అనేక దేశాల్లో కనుగొన్నారు. వరి మొక్కను వేళ్ళతో సహా పీకి చూడండి. వేళ్ళ మీద తుప్పు రంగు పూత కనిపిస్తుంది. వేరు తన ఆకుల నుంచి తెచ్చుకున్న గాలిని బయటికి వదిలితే, కరిగిన యినుము అక్కడే మళ్ళీ తుప్పు పట్టిందన్నమాట.

యిందులో మనకు కావలసింది భాస్వరం సంగతి. తుప్పు కణాలకు భాస్వరం అంటే మహా యిష్టం. పట్టుకుంటే వదలవు. కణం చిన్నదైన కొద్దీ పట్టుకునే చోటు పెరుగుతుంది. వొక సెంటీమీటరు ఘనపు ముక్క తీసుకుంటే దాని ఆరు పక్కల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లే. దాన్నే 10 నానోమీటర్ల ముక్కలు చేస్తే, ఆ వైశాల్యం 600 చదరపు మీటర్లు అవుతుంది. అంటే దాదాపు 15 సెంట్ల నేల! బొటనవేలంత ముక్కలో 15 సెంట్ల నేల దాగి వున్నదంటే, అది ఎంత భాస్వరాన్ని మింగగలదో ఆలోచించండి.

కనుక మెట్ట ఎర్రనేలల్లో మొక్కజొన్న, పామాయిలు, కూరగాయలు వేసేవారు భాస్వరం ఎరువును నేలంతా వెదజల్లవద్దు. వేరుకు దగ్గరగా, చాళ్ళలో వేయండి. చివికిన పశువుల ఎరువుతో కలిపి వేస్తే యింకా మంచిది. సేంద్రియ పదార్థం తుప్పు కణాలను కప్పి, భాస్వరం వాటి నోట పడకుండా కొంత కాపాడుతుంది.

మాగాణిలో అయితే నీరు నిలిచి తుప్పు కరిగినప్పుడు అది పట్టుకున్న భాస్వరం కూడా విడుదలై వరికి అందుతుంది. అందుకే సార్వా వరి కంటే, నీరు తీసిన తరువాత వేసే ఆరుతడి పంటకు భాస్వరం అవసరం ఎక్కువగా కనిపిస్తుంది. మట్టి పరీక్ష చేయించండి. భాస్వరం హెచ్చుగా వున్నట్టు తేలితే వరికి మోతాదు తగ్గించుకోవచ్చు. ఆ మేరకు ఖర్చు మిగులుతుంది.

వొక హెచ్చరిక. మురుగు పోని పల్లపు చేలల్లో కరిగిన యినుము మితిమీరితే కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. జింకు లోపం వల్ల కూడా యించుమించు అలాంటి మచ్చలే వస్తాయి. కంటితో చూసి తేల్చుకోవడం కష్టం. జింకు లోపమైతే జింకు సల్ఫేటు పనిచేస్తుంది. యినుము ఎక్కువైతే మురుగు తీసి చేను కొద్దిగా ఆరగట్టాలి. వొకదానికి బదులు యింకొకటి చేస్తే డబ్బూ పోతుంది, అదనూ పోతుంది. మొక్కనూ మట్టినీ చూపించి సలహా అడగండి.

బురదలోని దిక్సూచులు

1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు నీటి అడుగు బురదలో యీదే వొక జాతి సూక్ష్మజీవుల గురించి ప్రకటించాడు. అవి ఎప్పుడూ వొకే దిక్కుకు యీదుతుండేవి. అయస్కాంతం చూపితే దిక్కు మార్చుకునేవి. వాటి వొంట్లో మాగ్నటైటు కణాలు పూసల దండలాగా వరుసగా వుంటాయి. ఆ పూసలు చాలా వరకు 35 నుంచి 120 నానోమీటర్ల మధ్యనే వుంటాయి. అంటే దిక్కు నిలవనంత చిన్నవీ కావు, రెండు మందలు పట్టేటంత పెద్దవీ కావు. సరిగ్గా వొక్క మంద నిలిచే కొలత! నీల్ కాగితం మీద వేసిన లెక్కను యీ జీవులు ఎన్నో యుగాల కిందటే బురదలో వేసుకున్నాయి. ప్రాణవాయువు తగ్గిపోయే మంచినీటి చెరువుల అడుగుల్లోనూ, ఉప్పునీటి బురదలోనూ కూడా యిలాంటివి బతుకుతాయి.

బోరు నీళ్ళలో యినుము

యిప్పుడు రెండో ప్రశ్నకు వద్దాము. బోరులోంచి వచ్చినప్పుడు తేటగా వుండి, కాసేపటికి ఎర్రబడే నీళ్ళు మీరు చూసే వుంటారు. భూమి లోపల ప్రాణవాయువు లేదు కనుక యినుము కరిగి వుంటుంది. గాలి తగలగానే తుప్పుగా మారి పైపుల్లో పేరుకుంటుంది. డ్రిప్పు రంధ్రాలు మూసుకుపోతాయి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు యినుము వుంటే డ్రిప్పుకు భయం లేదు. 1.5 మిల్లీగ్రాములు దాటితే తప్పకుండా యిబ్బంది పెడుతుంది.

గొట్టానికి బయట బిగించిన అయస్కాంతం యీ యినుమును పట్టదు. ఎందుకంటారా? కరిగిన యినుము వేటికవి విడివిడి అణువులుగా వుంటుంది. మంద లేదు. వొంటరి బాతును కాపరి కర్ర ఎంతని మళ్ళిస్తుంది? వేడి తాకిడి ముందు ఆ లాగుడు ఏ మూలకూ చాలదు. యినుము తుప్పుగా మారిన తరువాత కూడా అది ఎక్కువగా తాడులాట సమానంగా వుండే రకం తుప్పే. మంచి నీళ్ళను అయితే అయస్కాంతం లాగదు సరిగదా, లేశమంత అవతలికే నెడుతుంది.

పనిచేసే పద్ధతి తేలికైనదే. నీళ్ళను తొట్టిలోకి పైనుంచి జల్లుగా పడనివ్వండి. మెట్ల మీదుగా జారనిచ్చినా సరే. గాలి బాగా తగిలి యినుము తుప్పుగా మారుతుంది. కొంతసేపు కదలకుండా నిలవనివ్వండి. తరువాత యిసుక వడపోత గుండా పంపి డ్రిప్పుకు వదలండి. యిసుకను అప్పుడప్పుడు ఎదురు నీటితో కడగండి. ముందుగా నీళ్ళు పరీక్ష చేయించి యినుము ఎంత వున్నదో తెలుసుకోండి.

కాలవ గట్ల వెంట ఊట నీటి మీద యింద్రధనుస్సు రంగుల పొర కనిపించి, "నూనె కలిసిందేమో" అని కొందరు భయపడతారు. పుల్లతో కదపండి. పెంకుల్లాగా ముక్కలు ముక్కలుగా విరిగితే అది యినుము పొర. విరగకుండా సుడి తిరిగి మళ్ళీ కలిసిపోతే నూనె.

నిజంగా పనికొచ్చే చోట్లు

యిదంతా విని అయస్కాంతం దండగ అనుకోవద్దు. తగిన చోట దానికి సాటి లేదు. రైసు మిల్లుల్లో ధాన్యంలోని మేకులనూ, యినుప ముక్కలనూ అయస్కాంతమే పడుతుంది. గడ్డితోపాటు తీగముక్కలు మింగిన పశువుకు, పశువైద్యులు వొక నున్నని అయస్కాంతపు కడ్డీని మింగించడం కద్దు. అది పొట్టలో నిలిచి యినుప ముక్కలను తన దగ్గరే పట్టి వుంచి, గుండె వైపు గుచ్చుకోకుండా కాపాడుతుంది. యిది డాక్టరు చేయవలసిన పని, మనం స్వయంగా చేయకూడదు.

మినుము, పెసర చేలల్లో బంగారు తీగ పెట్టే బాధ మీకు తెలుసు. విదేశాల్లో లూసర్ను గడ్డి విత్తనాల నుంచి యీ తీగ గింజలను వేరు చేయడానికి ముందు యినుప పొడి కలుపుతారు. బంగారు తీగ గింజ గరుకు కనుక పొడి దానికే అంటుకుంటుంది. తరువాత అయస్కాంతపు చుట్ట దాన్ని లాగేస్తుంది. మన మినుము గింజ పెద్దది, తీగ గింజ చిన్నది. మనకు జల్లెడ చాలు. విత్తే ముందు తప్పక జల్లించండి.

నానో అయస్కాంతాలకు పేరు తెచ్చింది తాగునీటిలోని పాషాణం, అంటే ఆర్సెనిక్. బెంగాలు ప్రాంతపు భూగర్భ జలాల్లో యీ విషం లక్షలాది మందిని పీడిస్తున్నది. 2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వారు 12 నానోమీటర్ల మాగ్నటైటు కణాలను నీళ్ళలో కలిపి చూపారు. రైస్ అంటే బియ్యం కాదు లెండి, అది దాత పేరు. ఆ కణాలు భాస్వరాన్ని పట్టినట్టే ఆర్సెనిక్‌నూ పడతాయి. తరువాత మామూలు బలం గల అయస్కాంతంతో కణాలను విషంతో సహా వొక పక్కకు లాగేయవచ్చు. గమనించండి, యిక్కడ అయస్కాంతం లాగింది నీళ్ళను కాదు, కరిగిన విషాన్నీ కాదు. మనం కలిపిన కణాలను. గొట్టం బయట బిగించే అయస్కాంతానికీ దీనికీ వున్న తేడా అదే.

కొనే ముందు అడగవలసినవి

మొదటిది: నానో అన్నది కొలత మాత్రమే. ఏ పదార్థం, ఎంత శాతం, ఏ పంటకు అనేది పొట్లం మీద చదవండి. నానో యూరియాను కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద 2021లో గుర్తించింది. దానికీ అయస్కాంతానికీ సంబంధం లేదు. ఏ నానో ఎరువు తెచ్చినా, ఆ ఉత్తర్వు కింద గుర్తింపు వున్నదా అని అడిగి, బిల్లు తీసుకోండి. తిన్నగా చెప్పలేకపోతే కొనవద్దు.

రెండోది: "మా పొడి అయస్కాంతానికి అంటుతుంది, చూడండి ఎంత బలమో" అని ఎవరైనా చూపిస్తే మోసపోవద్దు. కమ్మరి కొలిమి దగ్గరి రజను కూడా అంటుతుంది. పంటకు నిజంగా మేలు చేసే జింకు అంటనే అంటదు. అంటడం, అంటకపోవడం ఎరువు బలానికి గుర్తు కాదు.

మూడోది: ఏమిటో తెలియని నానో పొడులను చేపల చెరువుల్లో, కాలవల్లో చల్లవద్దు. వొకసారి నీళ్ళలో కలిసిన అంత చిన్న కణాలను తిరిగి ఏరుకోవడం మన వల్ల కాదు. వొకరి చెరువు నీరు మురుగు కాలవ పట్టి ఊరందరి నీటిలోకీ పోతుంది.

నాలుగోది: యంత్రం అమ్మేవారు పంట పెరిగిందని చెబితే, యంత్రం బిగించిన మడినీ, బిగించని మడినీ పక్కపక్కనే చూపించమనండి. అదే విత్తనం, అదే ఎరువు, అదే నీరు వుండాలి. రెండు మడుల ధాన్యాన్నీ విడివిడిగా తూచమనండి. తూకానికి నిలిచిన మాటే మాట.

యీ విషయాల్లో యింకా సందేహాలుంటే తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి వున్న ఉద్యాన విశ్వవిద్యాలయం వారినీ, వరి సంగతులకు 1925 నుంచి పనిచేస్తున్న మార్టేరు పరిశోధనా స్థానం వారినీ అడగవచ్చు. మీ ఊరి వ్యవసాయ సిబ్బంది ఎలాగూ వున్నారు. మట్టి పొట్లం, నీళ్ళ సీసా వెంట తీసుకుని వెళ్ళండి. పరీక్షకు అయ్యే ఖర్చు, పనికిరాని యంత్రానికి పోసే డబ్బు ముందు ఏపాటిది?